మోట ఎద్దులకు సింహం పాఠం

మోట లాగే ఎద్దు బతుకులో సగం వెనక్కి నడవడమే. ఇది తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెప్పుకోవాలి. బావి గట్టు మీద నుంచి పల్లానికి ఒక బాట ఉంటుంది. ఎద్దులు ఆ బాట వెంట కిందికి నడిస్తే, కాడికి కట్టిన మోకు గిలక మీదుగా సాగి, నీళ్ళు నిండిన తోలు బొక్కెన పైకొస్తుంది. బొక్కెనకు తొండం ఉంటుంది కనుక మనిషి చెయ్యి పడకపోయినా తనంతట తానే తొట్టిలో గుమ్మరించుకుంటుంది. ఆ తర్వాత ఎద్దులు తిరగడానికి వీల్లేదు, మోకు ఒప్పుకోదు. మొహం పల్లానికే పెట్టి, ఉన్నవి ఉన్నట్టే వెనక్కి అడుగులేసుకుంటూ గట్టు మీదికి రావాలి. అప్పుడే బొక్కెన మళ్ళీ బావిలోకి దిగుతుంది. ముందుకు నడిస్తే నీళ్ళొస్తాయి, వెనక్కి నడిస్తేనే మళ్ళీ వస్తాయి.

రైతు బుచ్చిలింగం మోటకు పెద్దెద్దు మైలడు. ఒళ్ళంతా బూడిదరంగు, మెడ మీద కాడి రాపిడికి కాయగట్టిన మచ్చ. ఎక్కువ మాట్లాడేవాళ్ళను చూస్తే మైలడికి ఒళ్ళు మండేది. తన పాత జోడు పోయిన ఎండాకాలం కన్నుమూస్తే, ఆ చోటికి బుచ్చిలింగం ఒక కోడెను కొనుక్కొచ్చాడు. నుదుట తెల్లచుక్క ఉండడంతో వాడి పేరు చుక్కడయింది. ముందుకు నడవమంటే బంగారం. వెనక్కి అనేసరికి ఒళ్ళంతా బిగబట్టుకుని, గుడ్ల మీద నడిచినట్టు నడిచేవాడు. కొత్త కదా, అలవాటవుతుందిలే అని మైలడు ఓర్చుకున్నాడు. తన దగ్గర ఓర్పు మొదటినుంచీ తక్కువే, ఉన్న కాస్తా ఆ కోడె మీదే ఖర్చయిపోతోంది.

బాట పక్కనే రాతిగోడ, గోడ మీద తుమ్మకంప. గోడ అవతల బుచ్చిలింగం మిరపతోట, తోట మూలన బర్రె కొట్టం, కోళ్ళ గంప. రాకపోకలకు ఒక తడక ఉంది, దాన్ని ఎప్పుడూ తాడుతో బిగించి కట్టి ఉంచేవాళ్ళు. మోట నీళ్ళు మాత్రం కాలువ వెంట వచ్చి, గోడ కింది తూములోంచి తోటలోకి పారేవి. ఆ తూము నడుమ కాస్త పల్లం. మోట నడిచినంత కాలం అందులో రాత్రీ పగలూ నీళ్ళు నిలిచే ఉంటాయి, పిల్లి కూడా దూరలేదు. మోట ఆగితే మాత్రం నాలుగు ఎండలకు ఎండిపోతుంది. ఈ సంగతి మీద అంత శ్రద్ధ పెట్టింది ఆ చుట్టుపక్కల ఒక్క నక్కే.

ఆ నక్క ఒక మధ్యాహ్నం, ఎద్దులు కాడి దింపుకుని నీడన పడుకున్న వేళ వచ్చింది. మెడలో ఎక్కడిదో పసుపురంగు గుడ్డముక్క. బాట పక్క బండ మీద కూర్చుని గొంతు సవరించుకుంది.

“మిత్రులారా, ఒక్కసారి కళ్ళు మూసుకోండి,” అంది.

“ఎందుకు?” అన్నాడు మైలడు.

“మీలో దాగి ఉన్న శక్తిని చూడడానికి.”

“కండ్లు మూసుకుంటే ఎట్ల కనబడ్తది?”

నక్క నొచ్చుకోలేదు. ఇలాంటివాళ్ళను చాలామందిని చూసినట్టు నవ్వింది. “పెద్దాయనా, మీరొక నది. కాకపోతే తన లోతు తనకు తెలియని నది. ఒక్కొక్కరి లోపల ఏముందో ఒక్క పోలికతో చెప్పి, వాళ్ళను ఎదిగేలా చేయడమే నా పని. మీ జట్టు మొత్తాన్ని మార్చేస్తాను. రుసుము ఏమీ తీసుకోను.”

“ఏమొద్దు అన్నోన్ని చూస్తే నాకు ఇంకింత భయమైతది,” అన్నాడు మైలడు. “నేను నదిని కాను. ఎద్దును.”

“చూశారా, మీ సమస్యంతా అదే.”

మైలడు తోకతో ఒక ఈగను కొట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కానీ మిగతావాళ్ళు తిప్పుకోలేదు. గోడ పక్కన పడుకున్న కాపలాకుక్క బంటు చెవులు నిక్కించాడు. తడక సందుల్లోంచి కోళ్ళు తలలు పెట్టాయి. పల్లెటూళ్ళో కొత్తగా ఒకడు వచ్చి ‘నువ్వు నువ్వు కావు, ఇంకా పెద్దవాడివి’ అంటే వినబుద్ధి కానిది ఎవరికి?

“బంటూ, నువ్వు కొండవు,” అంది నక్క. “గాలి వీచిందని కొండ మొరుగుతుందా? ఆకు కదిలిందని పరుగెడుతుందా?”

“మొరగది సారు,” అన్నాడు బంటు. ఇన్నాళ్ళూ మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకున్నందుకు వాడికి బాధేసింది.

“అమ్మలూ, మీరు గద్దలు. గద్ద చూపు ఎప్పుడూ ఆకాశం మీదే. నేల మీద గింజల కోసం తలొంచుకునే బతుకు మీది కాదు.”

కోళ్ళన్నీ తలలెత్తాయి. వాటిలో పెద్దదైన బొల్లిపెట్ట ఎంత పైకి ఎత్తిందంటే, వెనక్కి పడబోయి తడకకు ఆనుకుంది.

కొట్టంలో నెమరేస్తున్న బర్రె వైపు కూడా చూసింది నక్క. “తల్లీ, నువ్వొక నల్లమబ్బువు.”

“అయితే?” అంది బర్రె.

“కురవాలి.”

“పొద్దుగాల్నే పిండిన్రు,” అని బర్రె మళ్ళీ నెమరేసుకుంది.

ఆఖరికి నక్క చుక్కడి దగ్గరికి వచ్చింది. వాడి చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు తగ్గించి, తండ్రి కొడుకుతో మాట్లాడినట్టు మాట్లాడింది. “బాబూ, నువ్వు సింహానివి. సింహం వెనక్కి నడవగా ఎవరైనా చూశారా? ముందడుగే తప్ప దానికి వెనకడుగు లేదు. నిన్ను వెనక్కి నడిపించేవాళ్ళు నిన్ను చిన్నవాణ్ణి చేస్తున్నారు.”

చుక్కడి కళ్ళల్లో ఒక వెలుగు వచ్చింది. మైలడు ఆ వెలుగును చూశాడు. కొత్త ఎద్దు వెనక్కి నడవడానికి తంటాలు పడుతుంటే, నడవనక్కర్లేదని చెప్పేవాడికి మించిన గురువు ఎవరుంటారు అనుకున్నాడు. ఆ పూటే వాడి చెవిలో నాలుగు మాటలు వేసి ఉంటే బాగుండేది. కానీ ఎండగా ఉంది, మైలడికి నిద్రొచ్చింది.

మర్నాడు పొద్దున మొదటి బొక్కెన పైకొచ్చి గుమ్మరించుకుంది. బుచ్చిలింగం ఎప్పటిలాగే “ఎనకకు, ఎనకకు” అన్నాడు. మైలడు ఒక అడుగు వెనక్కి వేశాడు. కాడి మెలిపడింది. పక్కన చుక్కడు మెడ నిటారుగా పెట్టి పల్లం చివరన నిలబడి ఉన్నాడు.

“నడువ్‌రా,” అన్నాడు మైలడు.

“సింహం ఎనకకు నడ్వది కాకా.”

“సింహానికి ఎవరన్న మోట కట్టిన్రార?”

“కట్టలే. కడితే తెలుస్తుండె.”

“నువ్వు సింహాన్ని చూసినవా?”

“లే.”

“ఆ సారు చూసిండా?”

“చూసే ఉంటడు కాకా. గంత మంచిగ చెప్పిండు గద.”

బుచ్చిలింగం అదిలించాడు, బతిమాలాడు, పచ్చగడ్డి చూపించాడు, ముల్లుగర్ర కూడా చూపించాడు. చుక్కడు కదల్లేదు. ముందుకు పోదామన్నా మోకు అయిపోయింది, అడుగు పడదు. పొద్దస్తమానం ఇద్దరూ బాట చివర అలాగే నిలబడ్డారు. సాయంత్రం మోకు విప్పి కొట్టానికి తోలాల్సి వచ్చింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

ఇంతలో ఆ చోటంతా చూడలేని తీరుగా తయారైంది. కోళ్ళు ఆకాశం చూస్తూ నడిచి ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయి. కాళ్ళ కిందున్న గింజ కనబడక ఆకలితో అలమటిస్తూ కూడా తలదించడం లేదు. బంటు ఎవరొచ్చినా, ఎవరు పోయినా కళ్ళు అరమూసి కొండలా పడుకున్నాడు. నక్క రోజూ మధ్యాహ్నం వచ్చి అందర్నీ మెచ్చుకుంటోంది. నిన్న మీరంతా ఒక పడవ అంది, ఇవాళ మీరంతా ఒక తేనెపట్టు అంది. పోయేటప్పుడు మాత్రం ఒకసారి తూము దగ్గర ఆగి, కాలు పెట్టి తడి చూసి పోతోంది.

“పట్టుకు తేనె ఏది?” అని అడిగాడు మైలడు ఒకనాడు ఉండబట్టలేక.

“వస్తుంది పెద్దాయనా, తొందరపడకండి.”

“నీళ్ళే వస్తలెవ్వు, తేనె ఏడికెల్లి వస్తది?”

మిరపతోట పూత మీద ఉంది. మొదట ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత పూత రాలింది. ఒక పొద్దున బుచ్చిలింగం మొక్కల నడుమ కాసేపు నిలబడి వచ్చి, ముల్లుగర్రను నేలకేసి కొట్టాడు.

“ఇగ నాతోని కాదు. ఇయ్యాల్నే దళారిని తోలుకొస్త. అంగట్ల ఈ జోడును అమ్మి పారేస్త,” అన్నాడు. కోపంలో కాడి విప్పడం కూడా మరిచిపోయి, బాట చివర ఎద్దులను అలాగే వదిలేసి, భార్యను వెంటబెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

కోడెను అంగట్లో ఎవరైనా కొంటారు. ముసలి ఎద్దును ఎవరు కొంటారో, కొని ఎక్కడికి తోలుకుపోతారో మైలడికి తెలుసు. దున్నడానికైతే కాదు. పాత జోడు ఈ బావి పక్కనే, ఈ నీడలోనే పోయింది. తను కూడా అలాగే పోతానని మైలడు ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాడు. మొదటిసారి భయమేసింది. భయమేసినప్పుడు అందరికీ వచ్చేదే తనకూ వచ్చింది, కోపం.

“ఇనుర,” అన్నాడు పళ్ళు బిగబట్టి. “బండెద్దు ఉంటది సూడు. ఏటి ఇసుకల చక్రం దిగబడితే ఏం చేస్తది? ఒక్క అడుగు ఎనకకు వేసి, మల్ల ముంగటికి గుంజుతది. గట్లనే మనం…”

“నేను ఏరు చూడలే కాకా.”

“బండి చూసినవా?”

“దూరంకెల్లి.”

“సరే, ఇడిసిపెట్టు. దుక్కి దున్నేటప్పుడు సాలు చివర నాగలి మలుపుతరు. అప్పుడు లోపలి ఎద్దు ఏం చేస్తది? జర ఎనకకు తగ్గుతది.”

“నన్నెప్పుడు దుక్కికి కట్టలే కాకా.”

“పొయ్యిల పెట్టు దుక్కిని. పొట్టేళ్ళు కొట్లాడేటప్పుడు ఎనకకు పోయే గద వచ్చి కుమ్మేది.”

“సారు చెప్పిండు, పొట్టేళ్ళు సింహాలు కావని.”

మైలడికి కాడి ఉందన్న సంగతి కూడా గుర్తులేదు, తల విసిరాడు. ఇద్దరి మెడలూ కలిసి ఊగాయి. “మరి ఏం చూసినవ్‌రా నువ్వు బతుకుల?” అని అరిచాడు.

“గదే అడుగు,” అంది తడక అవతలి నుంచి ఒక గొంతు.

బర్రె తడకకు మొహం ఆనించి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

“ఏది అడగాలె?” అన్నాడు మైలడు విసుగ్గా.

“ఇప్పుడు అడిగినవ్ సూడు, ఏం చూసినవ్‌రా అని. గదే. తిట్టినట్టు కాదు, అడిగినట్టు అడుగు.”

“నేను శానా చెప్పిన అక్కా.”

“నువ్వు చెప్పినవ్, ఆ సారు చెప్పిండు. ఆయన సింహం ఆయన చెప్పిండు, నీ బండి నువ్వు చెప్పినవ్. పొల్లగాన్ని ఎవరడిగిన్రు?” అని బర్రె నెమరేసుకుంటూ కొట్టంలోకి వెళ్ళిపోయింది. అంత పొడుగు మాట అది ఆ సంవత్సరంలో ఇంకోటి మాట్లాడలేదు.

అడిగినట్టు అడగడం మైలడికి చేతకాని పని. గొంతు ఎంత తగ్గించినా తిట్టినట్టే వస్తుంది. చివరికి చుక్కడి వైపు చూడకుండా, పల్లం వైపే చూస్తూ అడిగాడు.

“ఎనకకు నడుస్తుంటే నీకు ఎట్లుంటదిర?”

చుక్కడి చెవులు కిందికి వాలాయి. మైలడు తొందరపెట్టబోయి నాలుక కరుచుకున్నాడు.

“ఎనక బాయి ఉన్నది కాకా,” అన్నాడు చుక్కడు ఎంతసేపటికో.

బావి లేకుంటే మోట ఎందుకు అనబోయి, మైలడు దాన్ని కూడా మింగేశాడు. “ఆఁ. ఉన్నది.”

“అది నాకు కనబడది. ఒక్కొక్క అడుగు ఎనకకు వేస్తుంటే, గిదే ఆఖరి అడుగు, ఇగ కాలు కింద భూమి ఉండదు అనిపిస్తది. రోజంత గట్లనే. సారు వచ్చి సింహం అన్నంక మంచిగనిపించింది. నాకు భయమని ఎవరికీ చెప్పే పని లేకపాయె.”

ఇన్ని నెలలు ఒకే కాడి కింద మెడలు పెట్టి నడిచారు. పక్కవాడి ఒళ్ళు వణకడం తన ఒంటికి తెలుస్తూనే ఉంది. దాన్ని బద్ధకం అనుకున్నాడు, పొగరు అనుకున్నాడు, కొత్తదనం అనుకున్నాడు. ఏమిట్రా అని ఒక్క మాట అడగలేదు. మైలడికి నక్క మీద ఉన్న కోపమంతా తిరిగి తన మీదికే వచ్చింది. అది కూడా పైకి చెప్పడం తెలియక ఒకసారి గట్టిగా ముక్కు చీదాడు.

“ముంగట ఏమున్నదో కనబడకున్నా భయం లేకుంట నడిచినవా ఎన్నడన్న?” అని అడిగాడు.

“నడిచిన,” అన్నాడు చుక్కడు. ఈసారి వెంటనే చెప్పాడు. “దూడప్పుడు. పొద్దుగూకి మంద ఇంటికి వస్తుంటే దుమ్ము లేసి ఏం కనబడకుండె. నేను మా అమ్మ ఎనక నడుస్తుంటి. అమ్మ తోక నా మూతికి తగులుతుండె. అది తగులుతున్నంత సేపు భయం లేకుండె కాకా. కండ్లు మూసుకొని వస్తుంటి.”

“ఊఁ.”

“మోకు కూడ గట్లనే ఉంటది,” అన్నాడు చుక్కడు, తనలో తను అనుకుంటున్నట్టు. “ఎనకకు వస్తుంటే నా డొక్కకు రాసుకుంట ఉంటది.”

“బొక్కెన నీళ్ళ మీద వాలితే?”

“వదులైతది.”

“అప్పుడు మనకు బాయి ఎంత దూరం ఉంటది?”

చుక్కడు ఆలోచించాడు. “శానా జాగ ఉంటది. ఇద్దరం పండుకోవచ్చు. అంటే కాకా, మోకు బిగువుగ తగులుతున్నంత సేపు నడ్వాలె. వదులైతే ఆగాలె. బాయిని నేను చూసే పని లేదు. తోక చెప్తది.”

తోకట, తోక. మైలడు తన వయసంతా ఆ మోకును లాగాడు. దాన్ని ఎండలో లాగాడు, వానలో లాగాడు, తెగితే ముడేయించుకుని లాగాడు. ఏనాడూ దాన్ని చూస్తే తోక గుర్తు రాలేదు. నార పేనిన మోకుకూ, ఆవు తోకకూ పొత్తేమిటని నోటిదాకా వచ్చింది. కానీ పక్కన చుక్కడు అప్పటికే వెనక కాలు ఎత్తాడు. మైలడు నోరు మూసుకుని తన కాలు కూడా ఎత్తాడు.

ఒక అడుగు, ఇంకో అడుగు. చుక్కడు కళ్ళు మూసుకున్నాడు. మోకు వాడి డొక్కకు రాసుకుంటూ వెనక్కి సాగింది. ఖాళీ బొక్కెన బావిలోకి దిగి, ఎన్నాళ్ళకో నీళ్ళు తాకిన చప్పుడు వినబడింది. మోకు వదులైంది, చుక్కడు ఆగాడు. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూస్తే, బావి గట్టుకూ వాడి కాళ్ళకూ నడుమ ఇంకో జోడు ఎద్దులు నిలబడేంత చోటుంది.

“కాకా,” అన్నాడు వాడు.

“చూసిన. ఊకో,” అన్నాడు మైలడు.

అప్పుడే పల్లం వైపు చూసిన మైలడికి గోడ కింద పసుపుగుడ్డ కనబడింది. బుచ్చిలింగం ఇంట్లో లేడని, తూము ఎండిందని, బంటు కొండ అయ్యాడని, కోళ్ళు ఆకాశం చూస్తున్నాయని అన్నీ సరిచూసుకున్న నక్క, తూములో తల దూర్చింది. తల పోయింది, నడుము పోయింది, ఆఖరికి తోక కూడా లోపలికి పోయింది.

“చుక్కా, ముంగటికి నడువు,” అన్నాడు మైలడు.

“జర ఊపిరి తీసుకోనియ్యి కాకా.”

“ఊపిరి తర్వాత తీసుకుందువు. మీ సారుకు నీళ్ళు పోయాలె.”

ఇద్దరూ పల్లానికి నడిచారు. నిండు బొక్కెన తొట్టిలో పడింది, నీళ్ళు కాలువ పట్టుకుని తూము దారి పట్టాయి. చుక్కడు ఈసారి చెప్పకుండానే వెనక్కి నడిచాడు. ఇంకో బొక్కెన, దాని వెనక ఇంకోటి. నడుమ నడుమ మైలడు గోడ వైపు కేకేశాడు.

“బంటూ, లే.”

“కొండ లేవది అన్నా,” అన్నాడు బంటు కళ్ళు తెరవకుండా.

“వద్దులే, మొరగకు, ఉరకకు. వచ్చి గా తూము మూతి కాడ కొండ లెక్కనే కూసో.”

“కూసుంటే సాలునా?” బంటుకు అది బాగా నచ్చింది. వచ్చి తూముకు ఇవతల, కాలువ ఒడ్డున, కదలకుండా కూర్చున్నాడు.

లోపల నక్క పొట్ట కింద నీళ్ళు మొదలయ్యాయి. గబగబా ముందుకు పాకి అవతలి కొసకు వచ్చింది. కానీ దాని కంటే ముందే సన్నటి ధార తోటలో పడింది. ఎన్నాళ్ళకో తడి వాసన తగలగానే బర్రె లేచి వచ్చింది. వచ్చి, ఇంకేమీ ఆలోచించకుండా, తూము నోటికి వీపు ఆనించి నీళ్ళలో పడుకుంది. నీళ్ళకు పైకి తేలిన వానపాముల కోసం కోళ్ళు కూడా తలలు దించాయి. బొల్లిపెట్ట మెడ విరుచుకుంటూ, “ఆకాశంల ఏం లేదే, చూసి చూసి మెడలు పట్టినయ్,” అంది.

తూములోంచి నక్క గొంతు వినిపించింది. “తల్లీ, నల్లమబ్బూ, కాస్త జరుగమ్మా.”

“మబ్బు గాలొస్తేనే జరుగుతది సారు,” అంది బర్రె. “గాలి లేదు.”

తూములో నీళ్ళు నిండడం మొదలైంది. వెనక్కి తిరగడానికి చోటు లేదు. నక్క ఈసారి ఇవతలికి వినబడేలా అరిచింది. “మిత్రులారా, నేను మీ పెరటి పరిస్థితి పరిశీలిద్దామని వచ్చాను. ఇందులో ఇరుక్కున్నాను.”

“ఎనకకు రా సారూ,” అన్నాడు మైలడు.

నక్క రెండు అడుగులు వెనక్కి వేసి ఆగిపోయింది. “వెనక ఏముందో నాకు కనబడడం లేదు,” అంది.

చుక్కడు బాట చివర నిలబడి తూము వైపు మెడ చాచాడు. వాడి గొంతులో వెటకారం లేదు, అదే మైలడికి ఇంకా నవ్వు తెప్పించింది. “భయమైతుందా సారు? మీకు ఎట్ల అనిపిస్తుందో మీరే చెప్పున్రి. మేం చెప్పం.”

“వెనక ఒక కుక్క కూర్చుని ఉన్నట్టు అనిపిస్తోంది.”

“గది పోలిక కాదు సారు,” అన్నాడు చుక్కడు. “నిజంగనే కుక్క ఉన్నది.”

“దాన్ని పొమ్మను నాయనా.”

“కొండ ఏడికి పోతది సారు? మీరే చెప్పిన్రు గద.” చుక్కడు ఇంకొకటి అడిగాడు. “మరి సింహం ఎనకకు నడ్వదంటిరి?”

నీళ్ళు నక్క గదమ దాకా వచ్చాయి. “నేను సింహాన్ని కానయ్యా,” అని అరిచింది. “నక్కను. ఉత్త నక్కను. ఎట్లా నడవాలో అది చెప్పు.”

“తోక చూసుకోండ్రి సారు. తోకకు ఏదన్న తగిలితే ఆగున్రి.”

నక్క వెనక్కి నడిచింది. ఆ నడక చూడాల్సిందే. కాళ్ళు జారుతూ, మట్టి మింగుతూ, తోకను ముందు పంపుతూ ఇవతలికి వచ్చింది. తోక బయటికి రావడం, బంటు ముక్కుకు తగలడం ఒకేసారి జరిగాయి. కొండ నోరు తెరిచింది. తర్వాత అరుపులూ పరుగులూ అయ్యాక, కాలువ ఒడ్డున పసుపుగుడ్డ ఒకటి, కుచ్చెడు తోక వెంట్రుకలు మిగిలాయి. నక్క ఆ గోడ దిక్కు మళ్ళీ రాలేదు.

బుచ్చిలింగం దళారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి తోటలో సగం తడిసింది. మనిషి లేకుండా మోట నడుస్తోంది. చుక్కడు కళ్ళు మూసుకుని వెనక్కి వస్తున్నాడు, మైలడు కళ్ళు తెరుచుకుని వాణ్ణి కనిపెట్టుకుని వస్తున్నాడు. దళారి కాసేపు చూసి, “మంచి జోడే గద. అమ్ముడెందుకే?” అన్నాడు. బుచ్చిలింగం తల గోక్కున్నాడు. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి మైలడి మెడ మీది మచ్చను చల్లగా తడిపాడు. అంగడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అంతటితో అయిపోతే మైలడు సుఖపడేవాడు. కానీ పోలికల రుచి తగిలిన చుక్కడు ఇప్పుడు పని చేసినంత సేపూ అవే మాట్లాడుతున్నాడు. తొట్టి ఆవు పొదుగులా ఉందట, గిలక చప్పుడు ఉడతలా ఉందట.

“కాకా, నువ్వు నాకు దేని లెక్క ఉన్నవో చెప్పాల్నా?”

“వద్దు.”

“మంచిదే కాకా.”

“మంచిదైనా వద్దు. నోరు మూసుకొని నడువు.”

ఇద్దరూ వెనక్కి నడిచారు. మోకు వదులైంది, చుక్కడు ఆగాడు. ఆ రోజు పని అయ్యేదాకా మైలడు ఓపిక పట్టి, కాడి దింపాక, ఎవరూ వినకుండా అడిగాడు. “ఇందాక ఏదో అంటివి. దేని లెక్క?”

నీతి: ఎదుటివాడికి పోలిక చెప్పాలనిపిస్తే, ముందు వాడి దగ్గరున్నది ఏమిటో అడుగు.